డిపో గేటు దగ్గర ఐదు నిమిషాలు

మేడమీదావిడ అన్నదట: "కింద వాటాలో వాళ్లు విడిపోయారు. ఇంకా ఒకే ఇంట్లో ఉంటున్నారంటే వేరే ఇల్లు దొరక్కే. పిల్లని రోజూ బస్ డిపో గేటు దగ్గర ఒకళ్లకొకళ్లు అప్పజెప్పుకోవాలని కోర్టువాళ్లు రాసిచ్చారు. నా కళ్లతో నేను చూశా."

ఈ మాట ఆవిడ అన్నది దర్జీ పెళ్లాంతో. దర్జీ పెళ్లాం దర్జీకి చెప్పింది. దర్జీ ఎవరికీ చెప్పకూడదనుకుని రెండు రోజులు కడుపులో దాచుకున్నాడు. మూడో రోజు పిల్ల బ్యాగుకి జిప్పు వేయించుకోవడానికి ఆ కింద వాటా ఆమే వచ్చి ఎదురుగా నిలబడేసరికి ఇంక ఆగలేకపోయాడు. పెదాల మధ్య గుండుసూదులు బిగించుకునే అంతా చెప్పేశాడు.

"నేననలేదు చెల్లెమ్మా. మేడమీదావిడ అంటోందట. నాకైతే నమ్మబుద్ధి కాలేదు."

"ఏమంటోందట ఇంకా?"

"ఒంటిగంటా నలభైకి ఆవిడ బస్సులో వస్తోందట. కుడివైపు సీట్లో కూర్చుందట. సరిగ్గా కనపడక మెడ ఇంత పొడుగు చేసి చూసిందట. నువ్వు పిల్లనిచ్చావట, ఆయన తీసుకున్నాడట. మొహమూ మొహమూ చూసుకోలేదట. మధ్యలో సాక్షిగా ఒక పెద్దాయన నిలబడితే, ఆయన పుస్తకంలో మీ ఆయన సంతకం కూడా పెట్టాడట. అంతా పద్ధతిగా జరిగిందట."

ఆమెకి కోపం రావాలి. వచ్చిన చిక్కేమిటంటే, అందులో కోర్టు ఒక్కటి తీసేస్తే మిగతాదంతా నిజమే.

"జిప్పు గట్టిదే వెయ్యి అన్నయ్యా. రోజుకి పదిసార్లు తీస్తుంది," అని మాత్రం అని వచ్చేసింది. ఈ సంగతి మొగుడికి చెప్పి ఇద్దరూ కలిసి కాసేపు నవ్వుకోవాలనుకుంది. చెప్పడానికి చోటు దొరకలేదు. ఆ వారం ఐదు నిమిషాలూ ముందే నిండిపోయి ఉన్నాయి.

ఆ ఐదు నిమిషాల సంగతి చెప్పాలి. భర్త సిటీ బస్సు డ్రైవరు. తెల్లవారుజామున నాలుగున్నరకి ఇల్లు కదిలితే ఒంటిగంటా నలభైకి డిపోలో బండి అప్పగిస్తాడు. ఆమె పని చేసేది కళ్లజోడు అద్దాలు చేసే ఫ్యాక్టరీలో, సెకండ్ షిఫ్టు. రెండింటికి గేటు మూస్తారు, రాత్రి పదికి తెరుస్తారు, లోపల ఫోను ముట్టనివ్వరు. ఫ్యాక్టరీ వ్యాను ఒంటిగంటా నలభై అయిదుకి డిపో ఎదుటి మలుపులో ఆగుతుంది, ఆగినట్టే ఆగి బయల్దేరుతుంది. బస్సుకీ వ్యానుకీ మధ్య మిగిలినవి ఐదు నిమిషాలు. నాలుగున్నరేళ్ల బుడంకాయ ఆ ఐదు నిమిషాల్లో తల్లి చంక దిగి తండ్రి చంక ఎక్కాలి. పిల్లకి అసలు పేరొకటుంది, అది బడి ఫారంలో రాశారు. ఇంట్లో మాత్రం బుడంకాయే.

అప్పగింత ఇలా ఉంటుంది:

"ముక్కు కారుతోంది, జ్వరం లేదు. గుడ్డు సగం తింది, సగం కుందేలుకి పెట్టింది. కుందేల్ని ఉతకాలి. గోళ్లు తియ్యనివ్వలేదు, నువ్వు తియ్యి. బాత్రూం కొళాయి గట్టిగా తిప్పకు, చేతికొస్తుంది."

"ఊఁ."

"ఏం ఊఁ? ఏం చెప్పానో చెప్పు."

"కుందేలు గోళ్లు తియ్యాలి."

"ఖర్మ!"

కుందేలంటే గుడ్డపీలికలతో కుట్టిన బొమ్మ. దానికి ఒక చెవే మిగిలింది.

రాత్రి ఆమె ఇల్లు చేరేసరికి పిల్ల కాలు తండ్రి మెడ మీద వేసుకుని ఇద్దరూ ఒళ్లు తెలియకుండా పడుకుని ఉంటారు. పొద్దున అతను షూ చేత్తో పట్టుకుని పిల్లిలా బయటికి నడిచేటప్పుడు ఆమె నిద్రలో ఉంటుంది. ఏడాదిన్నరగా ఒకళ్లకొకళ్లు నిద్రపోతూ తప్ప సరిగ్గా కనపడింది లేదు. ఆమెకి ఆదివారం సెలవు. అతనికి సెలవు వారానికో రోజు జరుగుతూ పోతుంది. గడిచిన నాలుగు నెలల్లో ఆదివారం పడింది ఒక్కసారి. ఆ ఒక్కసారీ పిల్లకి వాంతులు.

అందుకని వాళ్ల కాపురంలో మాట్లాడవలసినవన్నీ డిపో గేటు దగ్గరే మాట్లాడాలి. పోట్లాటలు కూడా అక్కడే. ఐదు నిమిషాల్లో ఏ పోట్లాటా తెమలదు కదా, అందుకని మంగళవారం మొదలైంది శుక్రవారానికి గానీ ఒక కొలిక్కి రాదు. గేటు పక్క గదిలో కూర్చునే టైంకీపరు, ముప్పయ్యేళ్లుగా బస్సులు వచ్చే వేళా పోయే వేళా రాసుకుంటున్న పెద్దాయన, ఈ పోట్లాటల్ని కూడా మనసులో రాసుకుంటూ ఉండేవాడు.

"నిన్న ఎక్కడ ఆపాం?" అని ఒకరోజు ఆమె రొప్పుతూ వచ్చి అడిగింది.

డ్రైవరు తల గోక్కున్నాడు. టైంకీపరు కళ్లజోడు పైకి తోసుకుని కిటికీలోంచి అందించాడు.

"మీ ఆడపడుచు దగ్గర ఆగిందమ్మా. ఆవిడ ఫోన్లో నిన్నేదో అందిట. అబ్బాయి 'మా అక్క మనసులో ఏం ఉండదు' అన్నాడు. నువ్వు 'అవును, అన్నీ నోట్లోనే ఉంటాయి' అన్నావు. అంతలో వ్యాను వచ్చింది."

"ఆఁ, అదే. అన్నీ నోట్లోనే ఉంటాయి," అని ఆమె అక్కణ్ణుంచి అందుకుంది.

ఇలా ఎన్నాళ్లని? దీనికొక దారి నెల కిందట కనపడింది. ఫ్యాక్టరీలో ఆమెది పాలిషింగ్ లైను. మిషను దగ్గర నిలబడి, తెల్లటి బురదనీళ్లలో చేతులు నానేసుకుని, ఎనిమిది గంటలు అద్దాలు అరగదీయడం. పక్క గదిలో చెకింగ్ టేబుల్ ఉంది. అక్కడ దీపం కింద అద్దాన్ని వాల్చి పట్టుకుని గీత ఉందా, బుడగ ఉందా అని చూసి పక్కన పెట్టడం పని. టేబుల్ దగ్గర కూర్చునే వాళ్లది జనరల్ షిఫ్టు, పొద్దున ఎనిమిది నుంచి ఐదు దాకా. అక్కడ ఒక కుర్చీ ఖాళీ అయింది. ఈమె కన్ను మంచిదని సూపర్‌వైజర్ మేడమ్ నెల రోజులు అక్కడ వేసి చూస్తానంది. పరీక్ష నెల మాత్రం పాత షిఫ్టులోనే. నెల పూర్తయితే కుర్చీ ఈమెది. షరతు ఒక్కటే: ఆ నెలలో మూడుసార్లు గేటు మూశాక వస్తే మళ్లీ బురదనీళ్లకే. ఆ పైన ఆరు నెలల దాకా పేరు ఎత్తకూడదు.

పై నెలలో పిల్లకి బడి. తొమ్మిది నుంచి మూడున్నర దాకా. జనరల్ షిఫ్టు దొరికితే, పొద్దున పనికి పోతూ తల్లి బడి ఆయాకి అప్పజెపుతుంది, బడి వదిలాక తండ్రి తీసుకొస్తాడు, సాయంత్రం ఐదున్నరకల్లా తల్లి ఇంట్లో ఉంటుంది, ముగ్గురూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని తింటారు. దొరక్కపోతే, పిల్ల బడి నుంచి వచ్చేసరికి తల్లి ఫ్యాక్టరీలో, తల్లి ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి పిల్ల నిద్రలో. ఇక తల్లీకూతుళ్లకి మిగిలేది పొద్దున పళ్లు తోమి, జడ వేసి, బూట్లు తొడిగే గంటన్నర. ఆ గంటన్నరలో తల్లి నోట "తొందరగా" అన్న మాట తప్ప ఇంకోటి వస్తుందా?

ఆమె ఇదంతా మొగుడికి చెప్పింది. ఒకేసారి కాదు, ఆరు రోజులు పట్టింది.

నెల చివరి వారానికి రెండుసార్లు ఆలస్యం అయిపోయింది. ఒకటి, వ్యాను ఎక్కబోతుంటే పిల్ల ఆమె భుజం మీద పాలు కక్కింది. రెండోది, రోడ్డు మీద లారీ తిరగబడి అతని బస్సు ఇరవై నిమిషాలు నిలిచిపోయింది. ఇక మిగిలినవి మూడు రోజులు, గురు, శుక్ర, శని.

గురువారం అతను ఒంటిగంటా నలభై రెండుకి వచ్చాడు.

"రెండు నిమిషాలు!" అంది ఆమె, పిల్లని అతని మీదికి దాదాపు విసిరేస్తూ. "రోజూ ఇరవై నిమిషాలు దీన్ని మోసుకుంటూ, దారిలో చేపలతొట్టి దుకాణం దగ్గర బతిమాలుకుంటూ నేను సరిగ్గా వస్తున్నాను. నాలుగు చక్రాలున్న నువ్వు ఆలస్యం!"

"చక్రాలు నావి. రోడ్డు నాది కాదుగా."

"ఇంకా రెండు రోజులే. రెండంటే రెండు. ఈ రెండు రోజులూ..."

"నాకు తెలుసు."

"ఏం తెలుసు నీకు? నీ బస్సు మనింటి ముందు నుంచే వస్తుంది కదా. ఒక్కరోజైనా దిగి పిల్లని నువ్వే తీసుకోవాలని తోచిందా? రేపు నేను తీసుకురాను. నువ్వే ఇంటికొచ్చి తీసుకో, అప్పుడు..."

వ్యాను హారను మోగింది. ఆమె పరిగెత్తింది. 'అప్పుడు తెలుస్తుంది నా బాధేమిటో' అన్నది వ్యాను మెట్టు మీద తనలో తనే అనేసుకుంది. దాంతో ఆ మాట ఆమె లెక్కలో అయిపోయింది. కోపంలో అన్న మాటకి అంతకన్నా ఆయుష్షు ఏముంటుంది? రాత్రికల్లా మరిచిపోయింది.

డ్రైవరు మరిచిపోలేదు. పిల్లని భుజాన వేసుకుని ఇంటికి నడుస్తూ ఆ మాటే తిప్పి తిప్పి ఆలోచించాడు. అవునుగా, ఇల్లు డిపోకి మూడు స్టాపుల ముందే. అక్కడ దిగిపోతే పిల్లని ఇంట్లోనే అందుకోవచ్చు. ఆమె ఉత్తచేతులతో తేలిగ్గా నడిచి వ్యాను అందుకుంటుంది. ఇంత చిన్న విషయం ఏడాదిన్నరగా తనకెందుకు తోచలేదా అని సిగ్గుపడ్డాడు. పెళ్లాం అడిగింది, చెయ్యాలి, అంతే. తోటి డ్రైవరు ఒకాయన ఉన్నాడు, మీసాలాయన అంటారు. ఆయనకి శుక్రవారం రెండింటికి డ్యూటీ. "మా ఇంటి స్టాపులో ఎక్కి ఆ మూడు స్టాపులూ నువ్వు తోలు అన్నా" అని బతిమాలుకున్నాడు. అలా మధ్యలో బండి చేతులు మార్చడం రూలుకి విరుద్ధం. అందుకని టైంకీపరుకి చెప్పలేదు. పెళ్లానికి కూడా చెప్పలేదు. అడిగింది ఆవిడే కదా, మళ్లీ చెప్పేదేముంది?

శుక్రవారం ఆమె మామూలు కన్నా పది నిమిషాలు ముందే ఇల్లు కదిలింది. చేపలతొట్టి దుకాణానికే ఆ పది నిమిషాలూ. పిల్లని దించి, ఎర్రచేప ఎక్కడ, నల్లచేప ఎక్కడ అని చూపించి, ఏడుపు లేకుండా ఎత్తుకుని సందుల్లోంచి డిపోకి నడిచింది. సరిగ్గా ఆ వేళకే అతను పెద్దరోడ్డు మీద బస్సు దిగి ఇంటివైపు పరుగులాంటి నడకతో పోతున్నాడు.

బస్సు డిపోలోకి ఒంటిగంటా ముప్పై ఎనిమిదికే వచ్చింది. ఆమె ప్రాణం లేచొచ్చింది. నవ్వుతూ ఎదురెళ్లింది. డ్రైవరు తలుపు తెరుచుకుని మీసాలు దిగాయి.

"ఆయనేడి అన్నయ్యా?"

"ఇంటికెళ్లాడుగా చెల్లెమ్మా! నువ్వే రమ్మన్నావట!"

"నేనా?"

"ఇంటికొచ్చి పిల్లని తీసుకోమని గట్టిగా చెప్పావట. పాపం నిన్నట్నుంచీ అదే మాట. 'మా ఆవిడ చెప్పిందన్నా, ఈ ఒక్కసారికి కాదనకు' అన్నాడు."

ఆమె ఫోను తీసి మొగుడికి చేసింది. టైంకీపరు సొరుగులో ఎక్కడో గుర్రుమంటూ మోగింది. బండి మీద ఉన్నంతసేపూ డ్రైవర్లు ఫోన్లు ఆ సొరుగులో పెట్టాలి. డిపోకి వచ్చి సంతకం పెడితేనే ఫోను చేతికిస్తారు. అతను డిపోకి రాలేదు కదా. టైంకీపరు సొరుగు లాగి, మోగుతున్న ఫోను పైకి తీసి, ఆమెకే చూపించాడు.

"నీ బొమ్మే వస్తోందమ్మా."

ఒంటిగంటా నలభై ఒకటి. ఇంటికి వెనక్కి పోతే ఇరవై నిమిషాలు. ఇక్కడే ఉంటే వ్యాను ఆగదు.

"వదిలెళ్లు తల్లీ," అన్నాడు టైంకీపరు. "ఇంట్లో కనపడకపోతే ఇక్కడికే పరిగెత్తుకొస్తాడు. ఈలోగా నా బల్ల మీద కూర్చుంటుంది. కూర్చుంటావా బుడంకాయా?"

"కూర్చోను," అంది బుడంకాయ.

"కూర్చుంటుంది బాబాయ్, మంచిది," అంది తల్లి. బల్ల మీద కూర్చోబెట్టింది. ఒంటిచెవి కుందేల్ని ఒళ్లో పెట్టింది. "నాన్న వచ్చేస్తాడు. తాతగారి దగ్గర కదలకుండా ఉండు. బయట బస్సులు వెనక్కొస్తుంటాయి, బయటికి రాకూడదు. సరేనా? సరే అను."

"అనను."

పిల్ల తల్లి చీరకొంగు పిడికిట్లో బిగించింది. ఒక వేలు విప్పితే ఇంకో వేలు బిగుసుకుంటోంది. అవతల హారను మోగింది. తల్లి చివరి వేలు కూడా విప్పి, వెనక్కి చూడకుండా, చూస్తే ఇక వెళ్లలేనని తెలిసి, రోడ్డు దాటి వ్యాను ఎక్కింది. లోపల ఏడుగురు ఆడవాళ్లు సర్దుకుని చోటిచ్చారు.

"హమ్మయ్య, ఎక్కావు," అంది ఒకామె. "ఇవాళా రేపూ గట్టెక్కితే చాలు, టేబుల్ నీదే."

వ్యాను కదిలింది. చూడకూడదు అనుకుంటూనే వెనక అద్దంలోంచి చూసింది. టైంకీపరు కిటికీ దగ్గర ఎవరో డ్రైవరు కాగితమేదో చాచి నిలబడి ఉన్నాడు. పెద్దాయన తల వంచి రాసుకుంటున్నాడు. గేటుకి అడ్డంగా ఉండే ఎర్రతెల్ల కడ్డీ కింద నుంచి, వంగనక్కర్లేనంత చిన్నగా ఉన్న బుడంకాయ బయటికి వస్తోంది. పిల్ల వెనక ఒక బస్సు మెల్లగా వెనక్కి జరుగుతోంది. విజిల్ ఊదేవాడు అటువైపు ఉన్నాడు.

"ఆపు!" అని ఆమె పెట్టిన కేకకి వ్యాను డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు.

ఎలా దిగిందో, ఎలా రోడ్డు దాటిందో ఆమెకి తెలీదు. పిల్లని రెక్క పట్టుకుని పక్కకి లాగింది. బస్సు ఇంకా పది అడుగుల దూరంలోనే ఆగింది. అంత పెద్ద ప్రమాదమేమీ కాలేదు. అయినా పిల్లని చంకకెత్తుకుని ఇక దించలేదు.

వ్యాను డ్రైవరు తల బయట పెట్టాడు.

"ఎక్కుతారా మేడమ్? రెండు దాటితే అందరికీ గేటు పడుతుంది."

లోపల ఏడుగురూ ఆమెనే చూస్తున్నారు. అందులో ఇద్దరు వాచీలు చూసుకున్నారు. తప్పు పట్టడానికేముంది? వాళ్లకీ ఇళ్లున్నాయి.

"వెళ్లండి," అంది ఆమె. చేత్తో కూడా చెప్పింది.

వ్యాను మలుపు తిరిగింది.

అతను ఒంటిగంటా యాభై అయిదుకి వచ్చాడు. చొక్కా బయటికొచ్చి, జుట్టు నుదుటికి అంటుకుపోయి, రొప్పుతూ. ఇంటికెళ్తే తాళం వేసి ఉంది. పక్క కొట్టుకి వెళ్లుంటుందనుకుని పది నిమిషాలు గుమ్మం ముందు మెట్టు మీద కూర్చున్నాడు. తరవాత దర్జీ చెప్పాడు, పిల్లనెత్తుకుని ఎప్పుడో పోయిందని.

ఆమె టైంకీపరు గదిలో బల్ల మీద కూర్చుని ఉంది. పిల్ల ఒళ్లో ఉంది. కుందేలు కింద పడి ఉంది.

"నువ్వే కదా ఇంటికి రమ్మన్నావు!" అన్నాడు.

"నేను అన్నానా?"

"నిన్న! ఇక్కడే నిలబడి! రేపు నేను తీసుకురాను, నువ్వే ఇంటికొచ్చి తీసుకో అనలేదూ? బాబాయ్, నువ్వు చెప్పు, అనలేదూ?"

టైంకీపరు కాగితాల్లో తల దూర్చాడు. కానీ ముప్పయ్యేళ్ల అలవాటు ఊరుకోదు.

"అన్నమాట నిజమేనమ్మా," అన్నాడు మెల్లగా. "'అప్పుడు' దాకా అన్నావు. ఆ తరవాతది వినపడలేదు."

ఆమె లేచి నిలబడింది.

"అన్నాను. నిజమే, అన్నాను. ఏడాదిన్నరగా ఈ గేటు దగ్గర నేను నీతో ఎన్ని మాటలన్నాను? కుందేల్ని ఉతకమన్నాను, ఉతికావా? కొళాయి బాగుచేయించమన్నాను, చేయించావా? పిల్ల చెవిలో గులిమి చూపించమన్నాను, మీ అక్కకి చెప్పమన్నాను, నాతో ఒక్క ఆదివారం ఉండమన్నాను. ఇన్నిట్లో ఒక్కటి నీ చెవిన పడలేదు. కోపంలో నోరుజారి ఒక్క మాట అంటే, అది విన్నావా? విన్నదొక్కటీ ఇదా!"

"రూలు తప్పి మరీ దిగాను," అన్నాడతను. "మెమో ఇస్తారని తెలిసే దిగాను. నీకు సాయంగా ఉంటుందని..."

"చెప్పాలి కదా!"

"ఎప్పుడు చెప్పను? చెప్పు, ఎప్పుడు? నువ్వొచ్చేసరికి నేను పడుకునుంటా. నేను లేచేసరికి నువ్వు పడుకునుంటావు. లేపి చెప్పనా? అదివరకొకసారి లేపితే నాలుగు రోజులు తిట్టావు!"

"చీటీ రాసి పెట్టలేవా?"

"నువ్వు రాశావా ఎప్పుడైనా?"

అక్కడితో ఆగిపోయారు ఇద్దరూ. అలవాటు చొప్పున ఆమె చెవి హారను కోసం ఎదురుచూసింది. హారను లేదు. ఏడాదిన్నరలో మొదటిసారి వాళ్ల చేతుల్లో ఐదు నిమిషాలు కాదు, ఒక మధ్యాహ్నం మొత్తం ఉంది. ఆపమనే వాళ్లు లేరు. తీరా చూస్తే ఆ పోట్లాట ఆరు నిమిషాల్లో అయిపోయింది. ఇంత టైం ఉంటే ఆ పైన ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. అతను వంగి కుందేల్ని తీసి, దుమ్ము దులిపి, పిల్లకిచ్చాడు.

"బండి సమయానికే వచ్చింది," అన్నాడు టైంకీపరు ఎవరితోనో అన్నట్టు, పుస్తకంలో రాస్తూ. "అంతే రాస్తున్నా. సంతకం పెట్టి ఫోను తీసుకో."

అతను సంతకం పెట్టాడు.

ఆమె ఫ్యాక్టరీకి ఫోను చేసింది. సూపర్‌వైజర్ మేడమే ఎత్తింది. ఈమె మొత్తం చెప్పింది, ఏదీ దాచలేదు, ఏదీ కలపలేదు. అవతల మేడమ్ చివరిదాకా విన్నది. అదే ఇంకా బాధ. మధ్యలో కసిరినా బాగుండేది.

"నాకు అర్థమైందమ్మా. నాకూ ఇద్దరు పిల్లలు. ఆ కుర్చీ నీకే ఇవ్వాలని నాకుంది. నీలాంటి కన్ను నా దగ్గర ఇంకోటి లేదు. కానీ ఇవాళ నీకోసం గీత చెరిపితే, రేపు ముప్పై మందికి చెరపాలి."

"రేపు పది నిమిషాలు ముందే వస్తాను మేడమ్. ఒక్క రోజే కదా మిగిలింది."

"రామ్మా. పాలిషింగ్‌కి రా. ఆరు నెలలు పోయాక నేనే పిలుస్తాను."

ఆరు నెలలు పోయాక అంటే బుడంకాయకి ఐదు దాటతాయి. బూట్ల తాడు తనే కట్టుకుంటుందేమో. ఎవరు నేర్పుతారో మాత్రం తెలీదు.

ఫోను సంచిలో వేసుకుంది. "పోదాం పద," అంది. ఎవరితో అన్నదో తెలియలేదు. తండ్రీకూతుళ్లిద్దరూ కదిలారు.

ఇంటికి సందుల్లోంచే నడిచారు. మిట్టమధ్యాహ్నం, దుకాణాలు సగం మూసి ఉన్నాయి. పిల్ల ఒక చెయ్యి తల్లికీ, ఒక చెయ్యి తండ్రికీ ఇచ్చి, మధ్యలో కాళ్లు ఎత్తేసి ఊగుతోంది. ఇందాకటి పేచీ ఎప్పుడో మరిచిపోయింది.

"ఇవాళ ఆదివారమా?" అని అడిగింది.

"కాదు."

"మరి?"

చేపలతొట్టి దుకాణం దగ్గర ఆగారు. ఈసారి ఎవరూ తొందరగా అనలేదు. ఎర్రచేప ఎన్నిసార్లు తిరిగిందో పిల్ల లెక్కపెట్టింది. పదమూడు తరవాత మళ్లీ పదకొండు అంది. అతను ఆమె వైపు చూశాడు. ఆమె చేపని చూస్తూనే ఉంది. కళ్ల కింద అంత నలుపు ఉందని గేటు దగ్గరి హడావిడిలో అతను ఎన్నడూ చూసి ఉండడు. ఏదో అనబోయి, మళ్లీ తప్పు మాట అవుతుందని భయపడి, పిల్ల చెవి వంచి చూశాడు.

"నిజమే, గులిమి ఉంది," అన్నాడు.

"రెండు నెలల్నుంచీ ఉంది," అంది ఆమె.

ఇంటి ముందుకి వచ్చేసరికి దర్జీ మిషను తొక్కుతున్నాడు. మేడమీదావిడ ఆరిన బట్టలు చేత్తో పట్టుకుని మెట్ల మధ్యలో నిలబడి ఉంది. ముగ్గుర్నీ చూసింది. ఆ కలిసిన చేతులు చూసింది. మొహం చాటంతైంది.

"ఏమ్మా! ఏం బాబూ! ఇదేనమ్మా నేను చూడాలనుకున్నది!" అంటూ రెండు మెట్లు దిగింది. "నాకు తెలుసు, పిల్ల మొహం చూసైనా సర్దుకుంటారని. కలిసిపోయారు కదూ? ఇంక ఆ కోర్టు కాగితాలు చించి పారెయ్యండి."

"కోర్టేమిటి?" అన్నాడు డ్రైవరు.

దర్జీ కాలు మిషను మీద ఆగింది. గుండుసూదులు పెదాల మధ్యే ఉన్నాయి.

ఆమె సంచిలోంచి తాళంచెవి తీసింది. తలుపు తీసి, పిల్లని లోపలికి పంపి, గుమ్మంలో నిలబడి మెట్లవైపు తిరిగింది.

"కలిసిపోలేదు పిన్నిగారూ. నా టేబుల్ పోయింది, అందుకని ఇవాళ ఖాళీ దొరికింది. రేపట్నుంచి మళ్లీ ఒంటిగంటా నలభైకి డిపో గేటు దగ్గరే ఇచ్చిపుచ్చుకుంటాం. ఈసారి బస్సులో ఎడమవైపు కూర్చోండి, మెడ తిప్పక్కర్లేకుండా కనపడుతుంది."